మిద్దె మీద నుంచి అంతరిక్ష వార్తలు



ఆదోని మార్కెట్ యార్డు దగ్గర ఒక కమీషన్ అంగట్లో లెక్కలు రాయడం నా పని. రాత్రయితే మిద్దె ఎక్కి చుక్కలు చూడటం నా పిచ్చి. ఈ రెండో సంగతి యార్డులో అందరికీ తెలుసు. అందుకే పైన ఏం జరిగినా జవాబు చెప్పాల్సినవాణ్ణి నేనే అన్నట్టు అడుగుతుంటారు. 2025 ఫిబ్రవరిలో అయితే రైతులు, హమాలీలు, షావుకార్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏమప్పా, 2032లో ఆకాశం నుంచి రాయి పడుతుందంట గదా, మన మీదనేనా?"

అడగడంలో తప్పేమీ లేదు, వార్త నిజమే. 2024 డిసెంబరు 27న చిలీ దేశంలో ఉన్న అట్లాస్ టెలిస్కోపు ఒక గ్రహశకలాన్ని కనిపెట్టింది. దానికి 2024 వైఆర్4 అని పేరు పెట్టారు. అడ్డంగా కొలిస్తే సుమారు అరవై మీటర్లు. 2032 డిసెంబరు 22న అది భూమిని తగిలే అవకాశం నూటికి ఒకటి ఉందని జనవరి చివర్లో చెప్పారు. ఫిబ్రవరి 18 నాటికి అది 3.1 శాతం అయింది. ఒకవేళ తగిలితే ఎక్కడ తగలొచ్చో ఒక పట్టీ గీశారు. అది పసిఫిక్‌లో మొదలై, దక్షిణ అమెరికా, ఆఫ్రికా దాటి, అరేబియా సముద్రం మీదుగా మన దేశం దాకా వచ్చింది. టీవీల్లో ముంబై, కోల్‌కతా పేర్లు మోగిపోయాయి. ఇంకో వారం తిరిగేసరికి ఆ అవకాశం దాదాపు సున్నాకు పడిపోయింది.

"వాళ్లకూ ఏం తెలీదు లేప్పా, మాట మార్చినారు" అని తీర్పు చెప్పేశారు మా యార్డులో. నాకు కష్టమనిపించేది ఈ తీర్పే. అక్కడ ఎవరూ మాట మార్చలేదు.

మీ ఎద్దు ఒకటి తప్పిపోయిందనుకోండి. చుట్టుపక్కల పది ఊళ్లలో ఎక్కడైనా ఉండొచ్చు. అంటే మన ఊరి పొలిమేరలో ఉండే అవకాశం పదింట ఒకటి. ఆరు ఊళ్లు గాలించి అక్కడ లేదని తేల్చుకున్నారు. మిగిలిన నాలుగింటిలో మన ఊరు ఇంకా ఉంది. ఇప్పుడు అవకాశం నాలుగింట ఒకటి. ఎద్దు మన వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు, వెతికే చోటు తగ్గింది, అంతే. మర్నాడు డెక్కల గుర్తులు వేరే ఊరి వాగులో కనబడ్డాయి. మన ఊరి లెక్క అక్కడితో సున్నా. గ్రహశకలం విషయంలోనూ జరిగింది ఇదే. కొత్తగా కనిపించిన దాని దారి మొదట్లో సరిగా తెలియదు. రోజూ కొలుస్తూ పోతే అది ఉండగల చోటు ఇరుకవుతుంది. ఆ ఇరుకులో భూమి ఉన్నంతసేపూ శాతం పెరుగుతూనే ఉంటుంది. భూమి ఆ ఇరుకులోంచి బయటపడిన రోజున ఒక్కసారిగా జారిపోతుంది. శాతం పెరగడం చూసి భయపడినవాళ్లు, తగ్గడం చూసి నవ్వినవాళ్లు ఇద్దరూ వార్తను సగమే విన్నారని నా అభిప్రాయం.

ఆకాశం నుంచి ఏదో పడుతుందన్న భయం మనకు కొత్త కాదు. 1979లో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలిపోతుందన్నప్పుడు తెలుగు పల్లెల్లో ఏమైందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఎట్లాగూ పోతాం కదా అని మేకల్ని, కోళ్లను కోసుకు తిన్నవాళ్లు, అప్పులు తీర్చడం మానేసినవాళ్లు, ఆ ఏడాది పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవాళ్లు మన ప్రాంతాల్లో ఉన్నారు. దాని మీద 2021లో తెలుగులో సినిమా కూడా వచ్చింది. జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలు ముక్కలుగా పడింది. అప్పట్లో పల్లెకు పేపరు మర్నాటికి చేరేది, రేడియో ఊరికి ఒకటో రెండో ఉండేవి. కాబట్టి వాళ్ల భయాన్ని నేను ఎగతాళి చేయను. ఇప్పుడు జేబులో ఫోను ఉండి కూడా అదే భయం పడుతున్నామంటే, మనకు కొరత పడింది వార్త కాదు, దాన్ని సరిచూసుకునే అలవాటు.

ఇంకో రకం వార్తలున్నాయి. వీటిలో భయం ఉండదు, ఆర్భాటం ఉంటుంది. 2003 ఆగస్టు 27న అంగారకుడు భూమికి బాగా దగ్గరగా, అయిదున్నర కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. అది నిజం. ఆనాటి నుంచి దాదాపు ఏటా ఆగస్టులో ఒక మెసేజీ తిరుగుతుంది, అంగారకుడు చంద్రుడంత కనిపిస్తాడని. ఎంత దగ్గరకు వచ్చినా అంగారకుడి వెడల్పు చంద్రుడి వెడల్పులో డెబ్బయ్యో వంతు కూడా రాదు. మెసేజీ పంపేవాళ్లు ఒక్కసారి మిద్దె ఎక్కితే చాలు, ఆ ఏడాదికి ఆ పుకారు ముగిసేది. 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో గ్రహాల కవాతు అన్నారు. ఆరు గ్రహాలు వరసగా నిలబడతాయన్నారు. కంటికి కనిపించింది నాలుగు. పడమట శుక్రుడు, శని, నడినెత్తిన గురుడు, తూర్పున అంగారకుడు. యురేనస్, నెప్ట్యూన్ చూడాలంటే టెలిస్కోపు కావాలి. ఇక వరసలో ఉండటం అంటారా, గ్రహాలన్నీ ఎప్పుడూ సూర్యుడు నడిచే దారి వెంబడే ఉంటాయి, వేరే దారి వాటికి లేదు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఆర్భాటం పుణ్యమా అని ఆ రోజుల్లో మా వీధిలో నలుగురు పిల్లలు మిద్దె ఎక్కి శుక్రుణ్ణి చూశారు. అంతవరకు నాకు సంతోషమే.

అదే ఏడాది జులై 1న అట్లాస్ టెలిస్కోపే ఒక తోకచుక్కను పట్టుకుంది. మన సూర్యకుటుంబానికి చెందని చుక్క అది, వేరే నక్షత్రాల నడుమ నుంచి వచ్చింది. అలాంటివి మనిషి కంటబడటం అది మూడోసారి. 2017లో ఔమువామువా, 2019లో బొరిసోవ్, తర్వాత ఇది. దీని పేరు త్రీఐ అట్లాస్. ఇంత గొప్ప సంగతిని వదిలేసి, అది గ్రహాంతరవాసుల ఓడ అన్న మాటనే పట్టుకున్నారు. 2025 డిసెంబరు 19న భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా అది మనకు 27 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. సూర్యుడికన్నా దాదాపు రెట్టింపు దూరం. ఎక్కడో వేరే నక్షత్రం దగ్గర గడ్డకట్టిన మంచు మన వాకిలి ముందు నుంచి పోతుంటే, అందులో ఓడను వెతకడం ఎందుకో నాకు అర్థం కాదు.

గ్రహణం వస్తే రోకలి సంగతి కూడా ఉంది. పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు, గ్రహణం పట్టింది కాబట్టి నిలబడిందంటారు, టీవీలో అది వార్త అవుతుంది. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ మంగళవారమైనా నిలబడుతుంది. మా ఇంట్లో నిలబెట్టి చూపించాను. మా అమ్మ మాత్రం "ఆ రోజు ఇంకా బాగా నిలబడుతుంది" అనింది. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం మన దేశమంతటా కనిపించింది. రాత్రి 11 నుంచి 12 గంటల 22 నిమిషాల దాకా చంద్రుడు మొత్తం భూమి నీడలోనే ఉన్నాడు. వానాకాలం కాబట్టి మబ్బులదే పెత్తనం. చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్లతో ఎంతసేపైనా చూడొచ్చు. సూర్యగ్రహణాన్ని మాత్రం సరైన కళ్లద్దాలు లేకుండా చూడకూడదు. ఈ రెంటికీ తేడా తెలియకే రెండింటికీ తలుపులు వేసుకుంటాం.

ఇప్పుడు మన పడమటి ప్రాంతం సంగతికి వస్తాను. ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళం, కోసిగి, ఆలూరు, ఈ ఊళ్ల పేర్లు చెబితే బయటివాళ్లకు గుర్తొచ్చేవి కరువు, వలస. అవి నిజమే. అయితే వాన తక్కువ అంటే మబ్బు తక్కువ, ఊళ్లు దూరం దూరం అంటే రాత్రి చీకటి ఎక్కువ. చుక్కలు చూసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి! ఆదోని ఊళ్లో హైమాస్టు లైట్ల వల్ల, జిన్నింగు మిల్లుల వెలుతురు వల్ల ఆకాశం బూడిద రంగులో ఉంటుంది. ఎమ్మిగనూరు దాటి గోనెగండ్ల దారిలో కొంచెం ముందుకు పోయి బండి లైటు ఆపేస్తే, పావుగంటలో కళ్లు చీకటికి అలవాటుపడతాయి. అప్పుడు పాలపుంత కనిపిస్తుంది. బెంగళూరులో లక్షలు పెట్టి టెలిస్కోపు కొన్నవాళ్లు దీనికోసం శనివారం రాత్రి కారేసుకుని ఊరు విడిచి పోతారు.

ఇంకో లాభం మన అక్షాంశం. ఆదోని ఉత్తర అక్షాంశం 15.6 డిగ్రీలు. కాబట్టి మనకు ధ్రువ నక్షత్రం ఉత్తరాన దాదాపు అంతే ఎత్తులో, అంటే చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే పిడికిలిన్నర ఎత్తులో ఉంటుంది. ఉత్తరాన అది కిందికి ఉండబట్టే దక్షిణాన మనకు ఎక్కువ ఆకాశం దక్కింది. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదిన్నరకు దక్షిణం వైపు చూస్తే అగస్త్యుడు తళతళలాడుతుంటాడు. రాత్రి ఆకాశంలో రెండో అతి ప్రకాశవంతమైన నక్షత్రం అది. మే నెలలో అదే వేళకు, అదే దిక్కున, నేలకు దగ్గరగా నాలుగు చుక్కల శిలువ కనిపిస్తుంది. దక్షిణ శిలువ అంటారు. దాని అడుగు చుక్క ఢిల్లీవాళ్లకు ఎప్పుడూ ఉదయించదు. మనకు పదకొండు డిగ్రీల ఎత్తులో నిలబడుతుంది. శిలువ ఎడమ పక్కన ఉండే రెండు చుక్కల్లో ఎక్కువ మెరిసేది ఆల్ఫా సెంటారీ, మన సూర్యుడి పక్కింటి నక్షత్రం. అక్కడి వెలుగు ఇక్కడికి రావడానికి నాలుగేళ్ల పైచిలుకు పడుతుంది.

నక్షత్రాలు మనకు తెలియనివా? రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు అని కార్తెలు లెక్కపెట్టే విత్తనం వేసేవాళ్లం. మృగశిరలో వాన పడితే బుడ్డలు వేయాలా, ఇంకో పదును కోసం ఆగాలా అని ప్రతి ఏడాదీ రచ్చబండ మీద వాదన. అయితే ఒక చిత్రం చూడండి. మృగశిర కార్తెలో మీరు రాత్రంతా మేలుకున్నా మృగశిర నక్షత్రం కనిపించదు. ఎందుకంటే కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్న రోజులు. జూన్‌లో ఆ నక్షత్రం పగలు సూర్యుడితోపాటే ఉదయించి, సూర్యుడితోపాటే అస్తమిస్తుంది. దాన్ని చూడాలంటే డిసెంబరులో, పత్తి తీసే రోజుల్లో చూడాలి, అర్ధరాత్రికి నడినెత్తిన ఉంటుంది. కంటికి కనబడని నక్షత్రం పేరుతో కార్తె పెట్టారంటే, సూర్యుడు ఏ చుక్క దగ్గర ఉన్నాడో లెక్కగట్టి తెలుసుకున్నవాళ్లు మన పూర్వులు. అది పరిశీలన చేసినవాళ్ల పని, ఊహించినవాళ్ల పని కాదు. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. భూమి ఇరుసు నెమ్మదిగా తిరుగుతున్నందువల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు ఋతువుల నుంచి జరుగుతున్నాయి. వరాహమిహిరుడి కాలానికీ మనకూ ఇరవై రోజులకు పైగా తేడా వచ్చింది. వాన తప్పిందని కార్తెను తిట్టేముందు ఈ లెక్క కూడా గుర్తుపెట్టుకోవాలి.

చూసే పిచ్చి మన తెలుగువాళ్లలో ఇప్పటిది కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన దేశం మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరుకు వచ్చి కూర్చున్నాడు. మద్రాసు నక్షత్రశాల పెద్ద పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచార్యులు వనపర్తి నుంచి చూశారు. ఆ గ్రహణం నాటి పరిశీలనల్లో సూర్యుడి వెలుగు వర్ణపటంలో ఒక పసుపు గీత కనబడింది. భూమ్మీద అప్పటిదాకా ఎవరూ ఎరగని మూలకానిది ఆ గీత అని తర్వాత తేలింది. సూర్యుడిలో దొరికింది కాబట్టి దానికి హీలియం అని పేరు పెట్టారు. మన పల్లెల నుంచి ఏటా మిరపకాయ కోతకు, పత్తి తీయడానికి వలసపోయే గుంటూరు ఉందే, హీలియం కథలో ఆ గుంటూరు పేరు ఉంది.

ఆ రోజుల్లోనే విశాఖపట్నంలో అంకితం వేంకట నరసింగరావు గారని ఒకాయన ఉండేవారు. ఆయన మామగారు గోడే జగ్గారావు గారు 1840 దశకంలో సొంత డబ్బుతో డాబా గార్డెన్స్‌లో ఒక నక్షత్రశాల కట్టుకున్నారు. మామ తర్వాత అల్లుడు దాన్ని నడిపారు. గ్రహణాలు, తోకచుక్కలు చూసి, లెక్కలు రాసి లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపేవారు. వాళ్లు అచ్చువేసేవారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచినప్పుడు విశాఖలో కూర్చుని ఆ ఘడియల్ని కొలిచిందీ ఆయనే. రఘునాథాచార్యులు గారు ఆ శుక్రగమనం గురించి ముందుగానే చిన్న పుస్తకం రాసి, మామూలు జనానికి అర్థం కావాలని దేశభాషల్లోకి తెప్పించారు. జీతం కోసం చూసిన ఆయన ఒకరు, ఇష్టంతో చూసిన ఆయన ఒకరు. నాకు రెండో ఆయన మీద కొంచెం పక్షపాతం ఉంది, దాచుకోను.

తర్వాత 1901లో హైదరాబాదులో నవాబు జాఫర్ జంగ్ నిజామియా నక్షత్రశాల మొదలుపెట్టారు. ప్రపంచమంతా కలిసి ఆకాశానికి పటం గీసే పనిలో అది ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల చోట్లు కొలిచి ఇచ్చింది. అక్కడ పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకే వేణు బప్పు. హైదరాబాదులో చదువుకుంటూనే నక్షత్రాల మీద పరిశోధన రాశాడు. 1949లో అమెరికాలో ఒక తోకచుక్కను కనిపెట్టాడు, దానికి ఆయన పేరుంది. కావలూరు నక్షత్రశాల ఆయన పట్టుదల వల్లనే వచ్చింది. ఇక 1980 ఫిబ్రవరి 16న మన పక్కనున్న రాయచూరు మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. పట్టపగలు చీకటి పడిన రోజు అది. ఆ రోజు వీధుల్లో మనిషి లేడని పెద్దవాళ్లు చెబుతారు. అందరూ తలుపులు వేసుకున్నారు. మన పక్కదాకా వచ్చిన అంత గొప్ప దృశ్యాన్ని మనం చూడలేదు. ఇకమీదట మన దేశంలో కనిపించే సంపూర్ణ సూర్యగ్రహణం 2034 మార్చి 20న, అదీ కాశ్మీరు వైపు.

సరే, రాకెట్ల మాట. శ్రీహరికోట మన రాష్ట్రంలోనే ఉంది. ఆదోని నుంచి గీత గీసి కొలిస్తే సుమారు 380 కిలోమీటర్లు, ఆగ్నేయం వైపు. భూమి వంపును లెక్కలోకి తీసుకుంటే, అక్కడి రాకెట్టు పదకొండు పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దాటగానే మన దిగంతం మీదికి రావాలి. అంటే రాత్రిపూట, ఆకాశం నిర్మలంగా ఉంటే, కొండ మీద నుంచి ఆగ్నేయ దిక్కున ఒక నిప్పురవ్వ పైకి పోవడం చూడవచ్చునని లెక్క చెబుతోంది. 2024 డిసెంబరు 30న రాత్రి పది గంటలకు స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను మోసుకుపోయిన పీఎస్ఎల్‌వీ అలాంటి వేళలో లేచిందే. 2025 జనవరి 16న ఆ రెండు ఉపగ్రహాలు అంతరిక్షంలో ఒకదానికొకటి అతుక్కున్నాయి. రష్యా, అమెరికా, చైనా తర్వాత ఆ విద్య నేర్చుకున్న నాలుగో దేశం మనది. రాత్రి ప్రయోగం ఉందని తెలిస్తే మన కుర్రాళ్లు రణమండల కొండ ఎక్కి ఆ దిక్కున ఒక కన్ను వేసి చూడాలని నా కోరిక. దగ్గర నుంచే చూడాలంటే శ్రీహరికోటలో జనం కోసం గ్యాలరీ కట్టారు, 2019 నుంచి నడుస్తోంది. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, డబ్బులు కట్టే పనిలేదు.

2025 జూన్ 25న శుభాంశు శుక్లా బయల్దేరి, మర్నాడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం చేరారు. 1984లో రాకేశ్ శర్మ తర్వాత భూమి చుట్టూ కక్ష్యలోకి పోయిన భారత వ్యోమగామి ఆయనే. జులై 15న తిరిగొచ్చారు. ఆయన అక్కడున్న రోజుల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లలో ఎంతమందికి తెలుసు, ఆ కేంద్రం మన మిద్దె మీద నుంచి కంటికి కనిపిస్తుందని? అది నేలకు 400 కిలోమీటర్ల ఎత్తులో, గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది. పొద్దుగూకిన తర్వాతా, తెల్లవారేముందూ, మనకు చీకటి ఉండి దానికి ఎండ తగిలే వేళల్లో, మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతూ నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటిపోతుంది. ఏ రోజు ఏ దిక్కున వస్తుందో నాసావాళ్లు ఊరి పేరు కొడితే చెబుతారు. రెక్కల లైట్లు ఆరుతూ వెలుగుతూ పోతే విమానం. ముత్యాల సరంలా పది ఇరవై చుక్కలు ఒకే వరసలో పోతే, దయ్యాలు కాదు, కొత్తగా వదిలిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు.

మన వార్తల మీద నా ఫిర్యాదు ఇంకొకటుంది. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు ఇస్రో పంపిన విక్రమ్ నౌక చంద్రుడి మీద దిగిన రోజు యార్డులో మిఠాయిలు పంచాం. మంచిదే. కానీ ఆ తర్వాత దాదాపు రెండు వారాలు అక్కడ విక్రమ్, దానిలోంచి దిగిన ప్రజ్ఞాన్ బండి ఏం పని చేశాయో ఎవరూ అడగలేదు. చంద్రుడి నేలలో గంధకం ఉందని అక్కడికక్కడే పరీక్షించి చెప్పింది ప్రజ్ఞాన్. విక్రమ్ నేలలోకి ఒక కడ్డీ దింపి వేడి కొలిచింది. పైన యాభై డిగ్రీలు దాటిన వేడి, జానెడు కూడా లేని ఎనిమిది సెంటీమీటర్ల లోతులో సున్నా కన్నా పది డిగ్రీలు కింద! దిగడం పండగ, కొలవడం పని. మనం పండగ చేసుకుని పని సంగతి మరిచిపోయాం. అలాగే మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ తేదీలు. 2018లో ప్రకటించినప్పుడు 2022 అన్నారు, తర్వాత 2027 దాకా జరిగింది. మనుషుల ప్రాణాల సంగతి కాబట్టి ఆలస్యమైతే నేను తప్పుపట్టను. తేదీ చెప్పినప్పుడల్లా అదే ఖాయమన్నట్టు రాసే పేపర్లనే తప్పుపడతాను.

ఇక మన పొలాలకు పనికొచ్చే వార్త ఒకటి పెద్దగా సడి చేయకుండా పోయింది. 2025 జులై 30 సాయంత్రం శ్రీహరికోట నుంచి నైసార్ అనే ఉపగ్రహం లేచింది. ఇస్రో, నాసా కలిసి కట్టినది. బరువు 2,392 కిలోలు. 747 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, పన్నెండు మీటర్ల వెడల్పున్న గొడుగులాంటి యాంటెనా విప్పుకుని, రాడారు తరంగాలతో భూమిని కొలుస్తుంది. మామూలు ఫొటో తీసే ఉపగ్రహానికి మబ్బు అడ్డం, రాత్రి అడ్డం. దీనికి రెండూ అడ్డం కావు. పన్నెండు రోజులకోసారి అదే చోటికి వచ్చి చూస్తుంది. మట్టిలో తేమ ఎంతుందో, ఏ పొలంలో పైరు ఎంత పెరిగిందో, బోర్లు తోడేయడం వల్ల నేల సెంటీమీటరు కుంగినా ఎక్కడ కుంగిందో చెప్పగలదు. ఆ సమాచారం అందరికీ ఉచితం.

ఎల్లెల్సీ (తుంగభద్ర దిగువ కాలువ) చివరి ఆయకట్టులో నీళ్లు రాక, ఆరు వందల అడుగుల బోరు కూడా ఎండిపోయి కూర్చున్న రైతుకు దీనికన్నా దగ్గరి అంతరిక్ష వార్త ఏముంటుంది? కరువు మండలాలు తేల్చే లెక్కల్లో ఉపగ్రహాల సమాచారం వాడటం ఎప్పటినుంచో ఉంది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఆ పద్ధతిని రూపొందించింది. ఇకపై మన మండలంలో తేమ ఎంతని ఉపగ్రహం చెప్పిందో అడిగే హక్కు మనకుంది. అడగాలంటే అలాంటిది ఒకటి పైన తిరుగుతోందని ముందు తెలియాలి. నైసార్ వార్తకు మా యార్డులో ఒక్కరూ నన్ను ఏమీ అడగలేదు. రాయి పడుతుందేమోనని అడిగినవాళ్లు మాత్రం ఎంతమందో!

చుక్కలు చూడటానికి ఏం కొనాలని చాలామంది అడుగుతారు. మొదటి ఏడాది ఏమీ కొనకండి. చీకటి చోటు, ఒక చాప, ఇంట్లో ఉంటే పంచాంగం చాలు. తర్వాత ఒక పది ఇంటూ యాభై బైనాక్యులర్స్ కొనుక్కుంటే, గురుడి చుట్టూ తిరిగే చంద్రుళ్లు చుక్కల్లా కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వచ్చే బొమ్మ టెలిస్కోపులు కొని పిల్లల ఉత్సాహం చంపకండి. డిసెంబరు 13, 14 తేదీల రాత్రుల్లో మిథునరాశి ఉల్కలు రాలతాయి, వాటికి ఏ పరికరమూ అక్కర్లేదు, ఒక దుప్పటి ఉంటే చాలు. పత్తి సీజను కాబట్టి ఆ రోజుల్లో నాకు యార్డులో పొద్దుపోతుంది. అయినా పడుకునేముందు గంటసేపు మిద్దె మీదికి పోకుండా ఉండలేను.

చివరగా ఒక మనవి, బడుల్లో పంతుళ్లకు, పంతులమ్మలకు. ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ క్షణాన నిలువుగా నాటిన కట్టెకు నీడ ఉండదు. ఆదోనికి, ఎమ్మిగనూరుకు మే 3న మధ్యాహ్నం 12 గంటల 18 నిమిషాల ప్రాంతంలో ఇది జరుగుతుంది. ఎమ్మిగనూరు కొంచెం తూర్పున ఉంది కాబట్టి అక్కడ యాభై సెకన్లు ముందు. మేలో బడులకు సెలవులు. మళ్లీ ఆగస్టు 9, 10 తేదీల్లో 12 గంటల 26 నిమిషాల ప్రాంతంలో వస్తుంది, అప్పుడు పిల్లలు బడిలోనే ఉంటారు. వానాకాలం, మబ్బు పడితే చేసేదేమీ లేదు, ఒక రోజు అటూ ఇటూ చూసినా తేడా కంటికి తెలియదు. పన్నెండుంపావుకే పిల్లల్ని ఆవరణలోకి తీసుకురండి, ఒక కడ్డీని తూకంగుండుతో నిటారుగా నిలబెట్టి, నిమిషానికోసారి నీడ కొసన సుద్దతో గీత గీయించండి. ఏ గీత దగ్గర నీడ అన్నిటికన్నా చిన్నదయిందో, ఏ నిమిషానికి అయిందో పిల్లల చేతనే రాయించండి. ఆదోని బడి లెక్కను, ఎమ్మిగనూరు బడి లెక్కను పక్కపక్కన పెట్టి చూసుకోండి.